ప్రాజెక్టు డైరీ: ముందు చేప, తర్వాత పగడం, ఆపైన గోడ

పని ఏమిటి

అలల కోతకు గురవుతున్న తీరం ముందు, లోతు తక్కువ ఉన్న చోట, నీళ్లలో మునిగి ఉండేలా కాంక్రీటు దిమ్మెల వరుస వేయాలి. నర్సరీలో పెంచిన పగడాలను ఆ దిమ్మెల మీద నాటాలి. దిమ్మెల సందుల్లో చేపలు చేరాలి. అంటే ఒకే కట్టడంతో తీర రక్షణ, పగడాల పెంపకం, చేపల సంపద మూడూ సాధించాలన్నది ఆలోచన.

ఇలాంటి పనిలో సాధారణంగా ఇంజనీరు అలల సంగతి చూస్తారు, జీవశాస్త్రం చదివినవాళ్లు పగడాల సంగతి చూస్తారు, చేపలు వాటంతట అవే వస్తాయనుకుంటారు. పని సాగేకొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం దీనికి పూర్తిగా తిరగేసి ఉంది. దిమ్మెను మొదట చేప కోసం డిజైన్ చేయాలి. నాచు మేసే చేపకు చోటు లేని దిమ్మె మీద పగడం నిలవదు. పగడం నిలవని దిమ్మె ఏళ్లు గడిచేకొద్దీ అరిగిపోయే రాయి మాత్రమే. ఎందుకలా అంటున్నానో ఈ నోట్సులో తెలుస్తుంది.

పగడపు దిబ్బే ఎందుకు

ప్రపంచంలోని అనేక పగడపు దిబ్బల కొలతలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2014లో వచ్చింది. దిబ్బ మొత్తం కలిసి అల శక్తిలో సగటున 97 శాతం తగ్గిస్తుందని, అందులో ఎక్కువ భాగం, అంటే 86 శాతం, దిబ్బ శిఖరం దగ్గరే పోతుందని అది తేల్చింది. మా పనికి ఈ రెండో అంకె ముఖ్యం. దిబ్బ మొత్తాన్ని మనం కట్టలేం. శిఖరంలాంటి ఎత్తైన గట్టును సరైన చోట పెట్టగలిగితే మాత్రం పని చాలావరకు జరుగుతుంది.

అల శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఎత్తు సగానికి తగ్గితే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి అలను పూర్తిగా ఆపాలని పట్టుబట్టక్కర్లేదు. కొంచెం తగ్గించినా ఒడ్డు మీద పడే దెబ్బ బాగా తగ్గుతుంది.

ఇంకో సంగతి. ఉపగ్రహాలు 1993 నుంచి కొలుస్తున్న లెక్క ప్రకారం సముద్ర మట్టం ఏటా సగటున 3 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతోంది. కాంక్రీటు గట్టు కట్టిన రోజు ఎంత ఎత్తుందో అంతే ఉంటుంది, లేదా ఇసుకలోకి కాస్త దిగుతుంది. బతికున్న పగడపు దిబ్బ ఏటా కొన్ని మిల్లీమీటర్లు పైకి పెరగగలదు. మట్టం పెరిగే వేగంతో పోటీ పడగలిగేది అలాంటి బతికున్న కట్టడమే. అందుకే పగడాన్ని ఈ పనిలో అలంకారంగా చూడటం నాకు నచ్చదు. కట్టడం ఎత్తును కాపాడే పని దానిదే.

అలల తొట్టిలో నమూనా

సముద్రంలో దించే ముందు పొడవాటి అలల తొట్టిలో నమూనా పెట్టి చూస్తున్నాం. ఒక చివర పలక ముందుకూ వెనక్కూ కదిలి అలలు పుట్టిస్తుంది. రెండో చివర అల తిరిగి రాకుండా గులకరాళ్ల వాలు ఉంది.

నమూనా 1:10 కొలతలో ఉంది. 2 మీటర్ల లోతు ఇక్కడ 20 సెంటీమీటర్లు, మీటరు అల 10 సెంటీమీటర్లు. కాలం మాత్రం పదో వంతు కాదు. పది వర్గమూలం మేర, అంటే సుమారు 3.16 రెట్లు తగ్గుతుంది. సముద్రంలో 6 సెకన్లకు ఒకసారి వచ్చే అలను తొట్టిలో దాదాపు 1.9 సెకన్లకు ఒకసారి పుట్టించాలి. బరువు ఘనాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి టన్ను దిమ్మె ఇక్కడ కిలో. దీన్ని ఫ్రౌడ్ స్కేలింగ్ అంటారు. ఇంట్లోనో కాలేజీలోనో చిన్న తొట్టి కట్టుకోవాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: మరీ చిన్నదిగా చేస్తే నీటి తలతన్యత అడ్డొస్తుంది. లోతు 2 సెంటీమీటర్ల కంటే, అల కాలం 0.35 సెకన్ల కంటే ఎక్కువ ఉండేలా చూసుకోవాలి.

అల ఎత్తు కొలిచే గేజీలు దిమ్మెలకు ముందువైపు మూడు, వెనకవైపు ఒకటి పెట్టాం. ముందు మూడెందుకంటే, దిమ్మెను తాకి వెనక్కి వచ్చే అల, కొత్తగా వచ్చే అల ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. కొలత ఒక్కచోటే తీసుకుంటే ఏది ఎంతో తెలియదు. మూడు చోట్ల తీసుకుంటే రెండింటినీ లెక్కలో విడదీయవచ్చు.

చేపల కోసం దిమ్మెలో రకరకాల బొక్కలు పెడదామన్నప్పుడు మా ఇంజనీరు ఒప్పుకోలేదు. "ఇన్ని బొక్కలు పెడితే అల అందులోంచి దూరిపోదా అండీ? గోడ పెట్టి ప్రయోజనమేముంది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకని గట్టి దిమ్మె ఒకటి, బొక్కల దిమ్మె ఒకటి పక్కపక్కన తయారు చేసి ఒకే అలకు పెట్టి చూశాం. సిరంజితో రంగు నీళ్లు వదిలితే సంగతి కళ్లకు కట్టింది. గట్టి దిమ్మె ముందు రంగు పైకి లేచి, వెనక్కి తిరిగి, పాదం దగ్గర ఇసుకను తవ్వుకుంటూ పోయింది. బొక్కల దిమ్మెలో రంగు సన్నటి పాయలుగా లోపలికి దూరి, అవతలి వైపు చిన్నచిన్న సుడులుగా విడిపోయి అక్కడే కలిసిపోయింది. ఆ సుడులే అల శక్తిని తినేస్తాయి. అల వెనక్కి తిరగడం తగ్గింది, పాదం దగ్గర గుంట కూడా తగ్గింది. అవతలికి దాటిన అల ఎత్తులో మాత్రం పెద్ద తేడా రాలేదు. ఇంజనీరు ఆ గ్రాఫులు చూసి బొక్కలకు సంతకం పెట్టారు.

గరుకుదనం సంగతి కూడా ఇక్కడే తేలింది. నున్నటి ఇసుక నేల అలకు ఇచ్చే ఒరిపిడి గుణకం 0.01 ప్రాంతంలో ఉంటే, కొమ్మలు తేలిన పగడపు నేలకు అది 0.1 నుంచి 0.3 దాకా ఉంటుందని క్షేత్ర కొలతలు చెబుతున్నాయి. పదింతలకు పైమాటే. నమూనా దిమ్మెల మీద ప్లాస్టిక్ కొమ్మలు అతికించి చూస్తే, గట్టు వెడల్పుగా ఉన్నచోట ఈ గరుకుదనం బాగా పనిచేసింది. సన్నగా ఉన్నచోట అల దాని మీద నుంచి ఒక్క ఊపులో దాటిపోయింది. అందుకే ఎత్తు పెంచే బదులు వెడల్పు పెంచాం.

మునిగి ఉండే గట్టుతో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచి ఎవరూ ఇలాంటి పని మొదలుపెట్టకూడదు. అలలు గట్టు మీదుగా నీటిని లోపలికి తోస్తాయి. ఆ నీరు ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. దారి లేకపోతే ఒడ్డు వెంబడి పరుగెత్తి ఇసుకను ఊడ్చుకుపోతుంది. కాపాడదామని కట్టిన గట్టు వెనకే ఒడ్డు కోసుకుపోయిన సందర్భాలు తీర ఇంజనీరింగులో నమోదై ఉన్నాయి. పక్క తీరానికి వెళ్లే ఇసుకను గట్టు ఆపేస్తే అక్కడ కోత మొదలవుతుంది. అందుకే వరుసను ముక్కలుగా విడగొట్టి మధ్యలో ఖాళీలు వదిలాం. గట్టుకు రెండు వైపులా ఉన్న ఒడ్డు కొలతలు కూడా మా రికార్డులో ఉంటాయి.

దిమ్మె పోయడం

కొత్త కాంక్రీటు పీహెచ్ 12 నుంచి 13 దాకా ఉంటుంది, సముద్రపు నీటిది 8.1 దరిదాపుల్లో. అంత క్షారంగా ఉన్న ఉపరితలం మీద లేత జీవులు నిలదొక్కుకోవడం కష్టం. సిమెంటులో కొంత భాగానికి బదులు ఉక్కు ఫ్యాక్టరీల్లో మిగిలే చిట్టెం, అంటే స్లాగ్, పొడి కలిపాం. దీంతో క్షార గుణం తగ్గుతుంది, ఉప్పునీటికి తట్టుకునే గుణం పెరుగుతుంది. ఆపైన దిమ్మెలను నీళ్లు మారుస్తూ నానబెడుతున్నాం. లోపల ఇనుప చువ్వలు లేవు. ఇనుము ఉప్పునీటిలో తుప్పు పట్టి ఉబ్బితే దిమ్మె లోపలి నుంచే పగులుతుంది. బదులుగా తుప్పు పట్టని బసాల్ట్ రాతి పోగులు (ఫైబర్) వాడాం.

పదార్థం విషయంలో ఎందుకింత పట్టింపు అంటే ఫ్లోరిడాలోని ఆస్‌బోర్న్ రీఫ్ గుర్తుకొస్తుంది. 1970లలో అక్కడ కృత్రిమ దిబ్బ పేరుతో దాదాపు 20 లక్షల పాత టైర్లు సముద్రంలో వేశారు. కట్టిన తాళ్లు, క్లిప్పులు తెగాయి. తుపాన్లకు టైర్లు కొట్టుకొచ్చి పక్కనున్న నిజమైన పగడాలను తాకి విరగ్గొట్టాయి. వాటిని వెలికి తీసే పని దశాబ్దాల తర్వాత కూడా నడిచింది. కదిలే వస్తువు ఏదీ దిబ్బ కాలేదు.

బొక్కల విషయం. చిన్న చేప తన ఒళ్లు పట్టేంత బొక్కనే వెతుక్కుంటుంది. పెద్ద బొక్కలో దాక్కుంటే వెంటాడే చేప కూడా అందులో దూరుతుంది. కాబట్టి ఒకే సైజు బొక్కలు వరుసగా పెడితే ఒకే వయసు చేపలకు పనికొస్తాయి, అవి పెరగగానే ఇల్లు చాలదు. మేం వేలు దూరేంత బొక్క నుంచి చెయ్యి భుజం దాకా దూరేంత గుహ వరకు రకరకాలుగా పెట్టాం. ఎక్కువ వాటికి రెండు వైపులా దారి ఉంది. నీరు ఆడుతుంది, ఇసుక పేరుకోదు, తరిమినప్పుడు చేప అవతలి నుంచి తప్పించుకుంటుంది.

నర్సరీలో కోత

రాతి పగడాలన్నీ వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. ఎక్కడ చేసినా, అనుమతి కాగితం చేతికి వచ్చాకే పగడాన్ని ముట్టుకోవాలి. మా తల్లి పగడాల్లో ఎక్కువ భాగం అలలకు విరిగి ఇసుకలో దొర్లుతున్న ముక్కలే. వదిలేస్తే అవి ఎలాగూ చచ్చిపోతాయి.

కొమ్మల పగడం అక్రోపోరా తేలిక. కొమ్మ విరిచి నాటితే ఏడాదికి 10 సెంటీమీటర్ల దాకా పెరగగలదు. బండలా పెరిగే పోరైటిస్ లాంటివి ఏడాదికి సెంటీమీటరు పెరిగితే గొప్ప. కానీ తుపానుకు నిలిచేది బండ పగడమే. దాన్ని వేగంగా పెంచే కిటుకు ఫ్లోరిడాలోని మోట్ మెరైన్ ల్యాబొరేటరీలో డేవిడ్ వాన్‌కు 2006లో అనుకోకుండా దొరికింది. ఒక ముక్క ట్యాంకులో విరిగి, అడుగున కొన్ని పాలిప్‌లు, అంటే పగడంలోని చిట్టి జీవులు, మిగిలిపోయాయి. అవి మామూలు కంటే ఎన్నో రెట్లు వేగంగా పరుచుకోవడం ఆయన గమనించారు. గాయం మానే వేగాన్నే పెరుగుదలగా వాడుకోవడం ఈ మైక్రోఫ్రాగ్మెంటేషన్ పద్ధతి.

కోసేటప్పుడు డైమండ్ బ్లేడు రంపం మీద సముద్రపు నీరు ధారగా పడుతూ ఉండాలి. వేడెక్కితే కణజాలం ఉడికిపోతుంది. బ్లేడు తగలగానే పగడం జిగురు వదులుతుంది, సున్నపు పొడితో కలిసి తెల్లగా పాలలా కారుతుంది, పచ్చి సముద్రపు వాసన గదంతా పట్టుకుంటుంది. సెంటీమీటరు చదరం ముక్క తీసి, జిగురంతా పోయేదాకా ఇంకో తొట్టిలో జాడించి, అడుగు తుడిచి, జెల్ జిగురుతో సున్నపు బిళ్ల మీద అతికిస్తాం. పాలిప్‌లు లోపలికి ముడుచుకుని ముక్క బోడిగా కనిపిస్తుంది. గాయం సర్దుకున్నాక అవి మళ్లీ విచ్చుకుంటాయి. ఆ తర్వాత భూతద్దంలో అంచు చూస్తే, పల్చటి గాజుపొరలాంటి కొత్త కణజాలం బిళ్ల మీదకు పాకుతూ కనిపిస్తుంది. ఆ పొర వెనక చిన్న చుక్కల్లా కొత్త పాలిప్‌లు లేస్తాయి.

ఒకే తల్లి నుంచి వచ్చిన ముక్కలు ఒకదాన్నొకటి తాకితే కలిసిపోతాయి. వేర్వేరు తల్లులవైతే సరిహద్దు దగ్గర పోట్లాడుకుంటాయి. అందుకే దిమ్మె మీద ఒక్కో మచ్చలో ఒకే తల్లి ముక్కలు, పక్క మచ్చలో ఇంకో తల్లివి. ఎంత వేగంగా పెరిగినా అంతా ఒకే తల్లి సంతానంతో నింపకూడదు. ఒక జబ్బో ఒక వేసవో వస్తే అన్నీ కలిసి పోతాయి. ప్రతి బిళ్ల వెనకా తల్లి నంబరు ఉంటుంది.

నీళ్ల లెక్క

వేడి 26 డిగ్రీల దగ్గర, ఉప్పదనం వెయ్యికి 35, ఆల్కలినిటీ (ముఖ్యంగా నీటిలో కరిగి ఉన్న కార్బొనేట్ల లెక్క) 8 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం), కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాములు. వీటిని కదలకుండా ఉంచడమే రోజువారీ పని. అంకె కొంచెం అటూ ఇటూ ఉన్నా పగడం సర్దుకుంటుంది, రోజుకో రకంగా ఊగితే మాత్రం సర్దుకోదు.

ఆల్కలినిటీ పరీక్షను నేను అన్నిటికంటే ఎక్కువ నమ్ముతాను. పగడం సున్నపు అస్థిపంజరం కట్టుకునేటప్పుడు నీటిలోంచి తీసుకునేది అక్కడ కనిపిస్తుంది. ఒక డీకేహెచ్ తగ్గిందంటే లీటరుకు దాదాపు 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ ఏర్పడిందని లెక్క. ఉదాహరణకు 500 లీటర్ల ట్యాంకులో రోజుకు 0.4 డీకేహెచ్ తగ్గితే దాదాపు మూడున్నర గ్రాముల సున్నపురాయి పుట్టినట్టు. పగడాన్ని ముట్టుకోకుండా, తూచకుండా, ఎంత పెరిగిందో నీరే చెబుతుంది. తగ్గాల్సిన ఆల్కలినిటీ ఉన్నట్టుండి తగ్గడం మానేస్తే ఎక్కడో తేడా ఉంది. కంటికి కనిపించే లక్షణం ఆ తర్వాతే వస్తుంది.

అలా మానేసిన ఒక ట్యాంకులో అక్రోపోరా కొమ్మల అడుగున గుండ్రటి పాలిపోయిన మచ్చలు కనిపించాయి. అక్రోపోరాను తినే చదును పురుగు అది. పగడం రంగులోనే ఉంటుంది, పిపెట్‌తో నీళ్లు గట్టిగా కొడితేగానీ ఊడి కనబడదు. అయోడిన్ ద్రావణంలో ముంచితే పురుగు రాలిపోతుంది, గుడ్లు మాత్రం చావవు. కొమ్మ అడుగున కణజాలం లేని చోట గోధుమ రంగు మచ్చల్లా ఉంటాయి, వాటిని ఒక్కొక్కటిగా గీకి తీయాలి. మళ్లీ కొన్ని రోజులకు ముంచాలి, మళ్లీ గీకాలి. ఓపిక ఉన్నవాళ్ల పని. ఆ ట్యాంకు వేరు చేశాం, దాని వల, పిపెట్, గ్లవ్స్ వేరే ట్యాంకులోకి వెళ్లవు.

వేడి టెన్షన్

పగడం కణాల్లో ఉండే జూజాంతెల్లే అనే సూక్ష్మ శైవలాలు దానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇస్తాయి. నీరు వేడెక్కితే పగడం వాటిని బయటికి పంపేసి తెల్లబడుతుంది. తెల్లబడ్డ పగడం ఇంకా చావలేదు, ఆకలితో ఉంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది.

అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ఇచ్చే డిగ్రీ హీటింగ్ వీక్ అంకెను మేం క్రమం తప్పకుండా చూస్తాం. ఆ చోట ఏడాదిలో అత్యంత వేడి నెల సగటు ఎంతో తీసుకుని, దానికంటే కనీసం ఒక డిగ్రీ ఎక్కువైన వేడిని 12 వారాల పాటు కూడుతారు. రెండు డిగ్రీల ఎక్కువ వేడి రెండు వారాలుంటే 4. అంకె 4 చేరితే బ్లీచింగ్, అంటే పగడం తెల్లబడటం, గట్టిగా కనిపిస్తుంది, 8 దాటితే చావులు మొదలవుతాయి. 2023 వేసవిలో ఫ్లోరిడాలో వేడి ఎంతగా పెరిగిందంటే, సముద్రంలోని నర్సరీల నుంచి పగడాలను ఎత్తి ఒడ్డున ట్యాంకుల్లోకి తరలించాల్సి వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా నాలుగో సామూహిక బ్లీచింగ్ నడుస్తోందని 2024 ఏప్రిల్‌లో నోవా ప్రకటించింది.

మా ప్లాన్‌లో దీనికి రెండు ఏర్పాట్లు. నాటడం వేసవి దాటాకే. ప్రతి తల్లి పగడం నుంచి కొన్ని ముక్కలు ఎప్పుడూ ఒడ్డున ట్యాంకులోనే ఉంటాయి, సముద్రంలో ఏం జరిగినా ఆ వంశం పోకుండా. ఇంతకంటే పెద్ద రక్షణ మా చేతిలో లేదు. కర్బన ఉద్గారాలు తగ్గకపోతే ఎవరి నర్సరీ అయినా ఎంతోకాలం నెట్టుకురాలేదు. ఈ మాట ప్రతి రిపోర్టులోనూ రాస్తున్నాను, రాస్తూనే ఉంటాను.

నాచు, మేత

అసలు కథ ఇక్కడుంది. సముద్రంలో పెట్టిన ఏ కొత్త ఉపరితలం మీదైనా మొదట పాకుడు, ఆ తర్వాత దుబ్బు నాచు వస్తుంది. నాచు పెరిగే వేగంతో సెంటీమీటరు పగడపు ముక్క పోటీ పడలేదు. కొన్ని దిమ్మెలకు చేప దూరలేని వల పంజరం కట్టాం, కొన్నిటికి కట్టలేదు. వల నీడ వల్ల తేడా వస్తుందేమోనన్న అనుమానం మిగలకుండా, ఇంకొన్నిటికి పైన మాత్రమే వల వేసి పక్కలు తెరిచి ఉంచాం.

పంజరం లోపలి దిమ్మె దగ్గరికి మొహం పెట్టి చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. నాచు దుబ్బు పగడపు ముక్క అంచు మీదకు వాలి ఉంది. ఆ దుబ్బులో సన్నటి ఇసుక చిక్కుకుంది. అల వచ్చినప్పుడల్లా నాచు ఊగి, ఆ ఇసుకతో పగడం అంచును రుద్దుతోంది. గాజుపొరలా పాకాల్సిన అంచు అక్కడే ముడుచుకుపోయింది. పంజరం లేని దిమ్మె మీద నాచు ఉంది గానీ పాకుడు మందమే. దాని మీద చిలుక చేపలు కొరికిన జంట గాట్లు అడుగడుగునా ఉన్నాయి. గాట్ల మధ్య ఖాళీల్లో గులాబీ రంగు సున్నపు నాచు మరకలు మొదలయ్యాయి. ఈ గులాబీ నాచు పగడానికి మిత్రుడు. ఈదుకుంటూ వచ్చే పగడపు లార్వాలకు ఇక్కడ దిగమని రసాయన సంకేతం ఇచ్చేది ఇదే. పైన మాత్రమే వల ఉన్న దిమ్మెలు తెరిచి ఉన్నవాటిలాగే ఉన్నాయి. అంటే తేడా తెచ్చింది నీడ కాదు, చేపల మేతే.

ఇది కొత్త సంగతేమీ కాదు. కరీబియన్ సముద్రంలో 1983లో డయాడెమా అనే, నాచు మేసే పొడవు ముళ్ల సీ అర్చిన్‌లకు ఏదో తెగులు వచ్చి 90 శాతానికి పైగా చచ్చిపోయాయి. జమైకాలో చిలుక చేపలను అప్పటికే విపరీతంగా పట్టేసి ఉన్నారు. 1980లో వచ్చిన అలెన్ తుపాను పగడాలను విరగ్గొట్టి ఉంది. మిగిలిన ఒక్క మేత జీవీ పోయేసరికి నాచుకు అడ్డు లేకపోయింది. 1977లో 52 శాతం ఉన్న పగడాల విస్తీర్ణం 1993 నాటికి 3 శాతానికి పడిపోయింది. పగడాన్ని ఎవరూ నరకలేదు. దాన్ని శుభ్రం చేసేవాళ్లు లేకుండా పోయారంతే. బెలీజ్ దేశం 2009లో చిలుక చేపల్ని పట్టడాన్నే నిషేధించింది. పగడాల పెంపకానికి డబ్బు పెట్టే ఎవరైనా ముందు ఇలాంటి నిర్ణయం గురించి అడగాలని నా గట్టి నమ్మకం.

డైవర్లు బ్రష్‌తో నాచు గీకితే సరిపోదా అన్న ప్రశ్న వచ్చింది. నాటిన కొత్తలో మేమూ గీకుతున్నాం. నారుమడి చుట్టూ కలుపు తీసినట్టు, మొక్క నిలదొక్కుకునే దాకా అది తప్పదు. కానీ కిలోమీటరు గట్టును ఏళ్ల తరబడి మనుషులు గీకలేరు. ఆ పనికి జీతం అడగని ఉద్యోగులు చేపలే, వాటికి ఇవ్వాల్సింది దాక్కునే చోటు, పట్టకుండా ఉండే హామీ.

చేపల లెక్క

దిమ్మెల దగ్గర చేపలు కనబడగానే ఫొటోలు తీసి సంబరపడటం తేలిక. అక్కడే జాగ్రత్త కావాలి. కృత్రిమ దిబ్బలు చేపల్ని కొత్తగా పుట్టిస్తాయా, లేక చుట్టుపక్కల ఉన్నవాటిని ఒకచోటికి లాగుతాయా అన్నది పాత వివాదం. లాగడమే ఎక్కువైతే, ఆ చోట వల వేసేవాడికి మిగిలిన చేపల్ని కూడా పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. దిబ్బ కట్టి చేపల్ని తగ్గించినవాళ్లం అవుతాం.

అందుకే లెక్క ఇలా తీస్తున్నాం. ఎర పెట్టిన కెమెరాను అడుగున దించి వదిలేస్తాం. వీడియోలో ఒకే ఫ్రేములో ఒకేసారి కనిపించిన గరిష్ఠ సంఖ్యనే ఆ జాతి లెక్కగా తీసుకుంటాం. దీన్ని మాక్స్‌ఎన్ అంటారు. వచ్చిపోయే ఒకే చేపను పదిసార్లు లెక్కపెట్టే ప్రమాదం దీనితో ఉండదు. దిమ్మెలు లేని, అదే లోతున్న ఇంకో చోట కూడా అదే కెమెరా, అదే ఎర. దిమ్మెలు వేయకముందు తీసిన వీడియోలు కూడా ఉన్నాయి. ముందు, తర్వాత, ఇక్కడ, అక్కడ నాలుగూ లేకపోతే ఏ అంకెకూ అర్థం లేదు.

ఎర కెమెరా వేటాడే చేపల్ని ఎక్కువ చూపిస్తుంది, నాచు మేసేవి ఎరకు రావు. వాటి కోసం డైవర్లు తాడు గీత వెంబడి ఈదుతూ విడిగా రాసుకుంటున్నారు, జాతితో పాటు పొడవు కూడా. పొడవెందుకంటే, వేలంత పిల్లలు కనిపిస్తే అవి ఇక్కడికి లార్వాగా వచ్చి దిగినవి, ఎక్కడినుంచో వలస వచ్చిన పెద్దవి కావు. నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించిన గుర్తు అదే. చిన్న బొక్కల వైపున నాచు మేసే జాతైన సర్జన్ చేప గోరంత పిల్లలు బొక్క నోటి దగ్గరే నిలబడి, నీడ పడగానే లోపలికి జారుకుని, క్షణం తర్వాత మళ్లీ మూతి బయట పెడుతున్నాయి. పెద్ద బొక్కలు మాత్రమే ఉన్న దిమ్మెల దగ్గర అవి దాదాపు లేవు.

మత్స్యకారులతో మాటలు మొదటి నుంచీ నడుస్తున్నాయి. దిమ్మెల చుట్టూ కొంత మేర వల వేయకూడదన్నది మా విన్నపం. వాళ్ల ప్రశ్న సూటిగా ఉంది: చేప అక్కడుంటే మాకేం లాభం? పెద్దయిన చేప గీత దాటి బయటికి వస్తుంది, పెద్ద చేప పెట్టే గుడ్లు చిన్న చేప పెట్టేవాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ అన్నది మా జవాబు. నిజమే గానీ, ఆ ఫలితం రావడానికి సమయం పడుతుంది. ఆ లోపు ఇల్లు గడవాలి కదా అని వాళ్లు అడిగితే కాదనలేం. అందుకే పూర్తి నిషేధం దిమ్మెల వరుసకే పరిమితం చేసి, దాని చుట్టూ గాలం వేసుకోవచ్చని, నాచు మేసే జాతులు గాలానికో వలకో తగిలితే వదిలేయాలని ఒప్పందం కుదిరింది. గీత ఎక్కడ ఉండాలో వాళ్లే నీటి మీద తేలే బోయాలు కట్టి చూపించారు. అలల దిశ, ప్రవాహం లెక్కలోకి తీసుకుని వాళ్లు పెట్టిన గీత మా మ్యాపులో గీసిన దానికంటే బాగుంది.

తర్వాత చేయాల్సినవి

రెండో వరుస దిమ్మెల అచ్చులు మారుతున్నాయి. వేలంత బొక్కల సంఖ్య పెరుగుతుంది, అవి అల తాకే ముందువైపు నుంచి నీడ ఉన్న పక్కకు మారతాయి. ఈసారి దిమ్మెలు దించిన వెంటనే పగడం నాటం. మేత చేపలు అలవాటు పడి, గులాబీ నాచు పట్టేదాకా వాటిని ఖాళీగానే ఉంచుతాం. నాటేది మొదట బండ పగడం మైక్రోముక్కలు, అవి కలిసిపోయాక వాటి మధ్య అక్రోపోరా. పంజరాలు తీయకుండా వేసవి అంతా ఉంచి, వేడిలో నాచున్న ముక్కలకూ లేని ముక్కలకూ కోలుకోవడంలో తేడా ఉందేమో చూస్తాం. ఒడ్డు కొలతలు తుపాను కాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తీసి, గట్టుకు రెండు పక్కలా ఎంత ఇసుక వచ్చింది, ఎంత పోయింది అన్నది వచ్చే నోట్‌లో పెడతాను.